ఉప్పు కొఠీలో ఖాళీ గడి

రేపల్లె బస్సు నిజాంపట్నంలో దింపేసరికి
దీపాల వేళ దాటింది.
మత్స్యకారుల సొసైటీ లెక్కలు చూడ్డానికి వచ్చినవాణ్ణి,
గుంటూరు మిర్చి ఘాటు ఇంకా చొక్కాలోనే ఉంది.
పడుకోడానికి ఒక్కటే చోటన్నారు:
ఉప్పు కొఠీ.
తెల్లదొరల నాటి ఉప్పు శాఖ బంగళా,
ఇప్పుడు మూడు గదుల బస.
గోడ గోకితే ఇప్పటికీ
కూరలోకి సరిపడా రాలుతుంది.

కాలేషా లాంతరు తుడుస్తూ అడిగాడు:
"కథతోనా, కథ లేకుండానా?"
కథతో అయితే ఐదు రూపాయలు ఎక్కువ.
ఇచ్చాను.

ఐదు రూపాయలకి
ఒక దొరసాని మెట్లు దిగింది.
ఓడ మీద చిగుళ్ళు చీము పట్టి పోయిందట,
అర్ధరాత్రి తలుపు తట్టి
నిమ్మకాయ అడుగుతుందట.
రెండో గదిలో ఒక గుమాస్తా,
ఉప్పు బస్తాలు లెక్కపెడతాడు,
నలభై ఒకటి దగ్గర తప్పిపోయి
మళ్ళీ ఒకటి నుంచి.
"మీలాంటివాడే సార్" అన్నాడు, నవ్వకుండా.
భోజనంలో బొమ్మిడాల పులుసు.
దొరసాని కోసం గూట్లో పెట్టిన నిమ్మకాయని
కోసి మజ్జిగలో నాకే పిండాడు.

తర్వాత రిజిస్టరు తెచ్చాడు.
పేరు, తండ్రి పేరు, ఊరు,
వచ్చిన తేది, వెళ్ళిన తేది.
రాయమంటే చదవడం మొదలెట్టాను,
నా జబ్బే అది.
పాతవన్నీ కలిపి కుట్టేశాడు,
వెనక్కి తిప్పుతుంటే
కాగితాలు అప్పడాల్లా చప్పుడు చేశాయి.

డెబ్భై ఏడు, నవంబరు పంతొమ్మిది.
అంతకుముందు వారానికో పేరు,
ఆ ఒక్క రోజు ముప్ఫై నాలుగు.
అన్నీ ఒకే చేతి రాత,
నీళ్ళలో నిలబడి రాసినట్టు.
అన్నిటికీ అద్దె గడిలో సున్నా.
ముప్ఫై మూడింటికి వెళ్ళిన తేది ఇరవై.
ఒక్కదానికి ఏమీ లేదు.
కొక్కిలిగడ్డ నాంచారు.
తండ్రి పేరు దగ్గర:
'గుర్తు రావట్లేదంది, వణుకుతోంది.'

ఇరవై రెండేళ్ళుగా ఖాళీ గళ్ళ మీదే బతుకుతున్నవాణ్ణి,
చెయ్యి దానంతటదే ఎర్ర పెన్సిలు తీసింది.
కాలేషా నా మణికట్టు పట్టుకున్నాడు.
అరవై దాటిన చెయ్యి,
పట్టు మాత్రం తెడ్డు వేసేవాడిది.

ఈసారి డబ్బులడగలేదు.
"మేడ మీదకి ఎక్కించాను అందర్నీ.
పేర్లెందుకంటారా,
పొద్దున ఎవరైనా వచ్చి అడిగితే
చెప్పడానికి ఉండాలి గదా.
లాంతరు ఆరిపోయినా రాస్తూనే ఉన్నా.
మధ్యలో గాలి ఆగింది,
అయిపోయిందనుకున్నాం.
ఆ పిల్ల లేచింది.
కింద మేకని కట్టేశానంది,
తాడు విప్పి వస్తానంది.
వస్తానంది సార్.
వెళ్తానంటే
వెళ్ళినట్టు రాసేవాణ్ణే."

బయట సరుగుడు తోట ఊళ వేస్తోంది.
నేనేమన్నానో గుర్తు లేదు,
ఏమీ అనలేదేమో.
పెన్సిలు జేబులో దోపుకుంటే
ములుకు విరిగింది.

ఆ రాత్రి తలుపు ఎవరూ తట్టలేదు.
రెండో గదిలో లెక్క వినపడలేదు.
మూడు దాటాక మాత్రం
కాలేషా చెప్పుల చప్పుడు మెట్లు దిగింది,
గొళ్ళెం తీసిన శబ్దం.
వేసే శబ్దం కోసం
తెల్లారే దాకా చెవి పెట్టుకుని ఉన్నాను.

ఉదయం రిజిస్టరు మళ్ళీ ముందుకు తోశాడు.
"తేది వెయ్యండి, టైము కూడా."
వేశాను.
కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు,
ఏడు ఒకటిలా ఉందని
దిద్దించాడు.

మెట్ల కింద స్తంభానికి
కొత్త తాడు, వదులు ముడి,
చిన్నపిల్ల లాగినా ఊడేటట్టు.
ఎన్నాళ్ళకోసారి మారుస్తాడో
అడగలేదు.

సొసైటీ గోడౌనులో ఆ పూట
వల కట్టలు లెక్కపెట్టాను.
నలభై దాకా బాగానే వచ్చింది.